నాయిన వెన్ను ఆపరేషన్: హైదరాబాద్ సర్కారు దవఖానల మాకు ఎట్లయింది, మర్రిగూడ దిక్కు నుంచి

మా నాయినకు వీపు మధ్యల వెన్నుపాము మీద ఎముక పెరిగి కాళ్లు చచ్చుబడే దాకా వచ్చింది. హైదరాబాద్‌ల ఒక పెద్ద సర్కారు దవఖానల, న్యూరోసర్జరీల ఆపరేషన్ చేసిన్రు, ఏడాది దాటింది. మా మండలంల, పక్క మండలాలల్ల ఇదే కష్టం ఉన్నోళ్లు ఫోన్ చేసి అడుగుతున్నరు, ఎట్ల చేసిన్రు, ఎంత ఖర్చయింది, ఇప్పుడు లేచి నడుస్తుండా అని, అందరికీ ఒక్కొక్కలకు చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్న, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న. దవఖాన పేరు రాస్తలేను, మంచితో పాటు లోపాలు గూడ రాస్తున్న గనక. మార్కులు అడిగితే ఆపరేషన్‌కు, డాక్టర్లు విషయం చెప్పిన తీరుకు ఐదుకు ఐదు. ఆపరేషన్ అయినంక చూసుకున్నదానికి ఐదుకు రెండున్నర, అంతకు మించి ఇయ్యలేను.

ముందుగాల జబ్బు ఏందో చెప్తా. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి కూసుంటయి గద, వాటి వెనక భాగాలను ఒకదానికొకటి పట్టి ఉంచే లిగమెంట్ ఉంటది. మామూలుగ అది సాగుతది, వంగినప్పుడు సాగి మళ్ల దగ్గరికొస్తది. మా నాయినకు అది సాగుడు పోయి ఎముక అయిపోయింది, మందం పెరిగి లోపటి దిక్కు వచ్చింది, లోపల ఉండేదేమో వెన్నుపాము. మెడ కన్నా, నడుం కన్నా వీపు భాగంల ఆ సందు ఇరుకు, నెత్తురు సరఫరా గూడ అక్కడ తక్కువనే, అందుకే ఆడ కొంచెం ఎముక పెరిగినా కాళ్ల మీద దెబ్బ పడ్తది. డాక్టర్లు దీన్ని ఓఎల్‌ఎఫ్ అంటరు. వెన్నుపాముకు ముంగట దిక్కు ఇంకో లిగమెంట్ ఉంటది, అది ఎముకయితే ఓపీఎల్‌ఎల్ అంటరు. నాయినకు రెండూ ఉన్నయి గని గట్టిగ నొక్కేది వెనకదే అని తేలింది.

మాకే ఎందుకు అంటే నీళ్లు. మా నల్లగొండ జిల్లాల మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, చింతపల్లి ఈ దిక్కంత రాయి కింద నుంచే ఫ్లోరైడ్, బోరు లోతుకు పోయిన కొద్దీ ఎక్కువ. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, మా తాతల కాలం నుంచి అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగినం. 1955లనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్‌తోటి వచ్చే ఎముకల, పండ్ల జబ్బు) మీద పేపరొచ్చింది, అంటే నాయిన పుట్టకముందే ఈ సంగతి డాక్టర్లకు తెల్సు. ఇప్పుడు భగీరథ నల్లాల కృష్ణ నీళ్లు వస్తున్నయి, మా పిల్లల పండ్లు తెల్లగున్నయి, అది చూస్తే కడుపు నిండుతది. గని ముప్పై నలభై ఏండ్లు ఎముకలల్ల చేరినది అంత తొందరగ పోదు. నీళ్లు మారినంక గూడ ఆ తరం వాళ్లకు ఇప్పుడు కాళ్లు బిగుసుకుంటున్నయి, అందుకే ఇది పాత ముచ్చట అని వదిలేసేది కాదు. అట్లని ఫ్లోరైడ్ ఒక్కటే కారణమని గూడ అనుకోవద్దు, ఫ్లోరైడ్ లేని ఊర్లల్ల గూడ ఈ లిగమెంట్ ఎముక అవుతది, జపాన్‌ల ఇది చాలా మందికి ఉంటదని సర్జన్ సారే చెప్పిండు.

నాయినకు మొదలైంది చెప్పు కాడ. పొలం ఒడ్డు మీద నడుస్తుంటే చెప్పు కాలు నుంచి జారిపోయేది, జారింది అని తెల్వకుండనే రెండు మూడు గజాలు ఉత్త కాలుతో పోయేటోడు, వెనక నడిచే అమ్మ చూసి చెప్పేది. తర్వాత కాళ్లు బిర్రుగ అయినయి, పొద్దుగాల లేస్తే మంచం మీద నుంచి దించుడు కష్టం. చీకట్ల అయితే గోడ పట్టుకోకుంటే తూలేటోడు. కడుపు చుట్టూ బెల్టు గట్టిగ బిగించినట్టు ఉందనేటోడు, దాన్ని అందరం గ్యాస్ అనుకున్నం, డాక్టర్లు గూడ గ్యాస్ గోలీలే రాసిన్రు. ఒంటేలుకు పోవాలె అనిపిస్తే ఆగకపోయేది, ఇంకోసారి కూసుంటే రాకపోయేది. చేతులు మాత్రం శుభ్రంగ పనిచేస్తున్నయి, కొడవలి పడ్తడు, బీడీ చుడ్తడు, అంగీ గుండీలు పెట్టుకుంటడు. చేతులు బాగుండి కాళ్లు పోతున్నయంటే గోస వీపు దగ్గర ఉండొచ్చు అనేది ఇప్పుడు నాకు తెలిసింది, అప్పుడు చూసిన ప్రైవేటు దవఖానలోళ్లకు తెలిసి ఉండాలె. ఒకాయన మోకాళ్ల అరుగుదల అని మోకాలుల సూదులిచ్చిండు. ఇంకొకాయన షుగర్ నరాలు అన్నడు, షుగర్ బార్డర్‌ల ఉంది అంతే. ఇంకో దగ్గర నడుం ఎమ్మారై తీసిన్రు, నడుంల డిస్క్ జర ఉబ్బింది అని బెల్టు ఇచ్చి పంపిన్రు. ఆ ఎమ్మారై నడుందే, పైన వీపు దాకా రాలె, అసలు రోగం ఫిలిం పైఅంచుకు ఇంకా పైన ఉండిపోయింది. పైసలు పోయినయి, అది పక్కకు పెట్టు, నెలలు పోయినయి, ఈ జబ్బుల నెలలు పోవుడే అసలు నష్టం.

పట్టుకున్నది నల్లగొండల ఒక చిన్న వయసు డాక్టర్. ఆ అబ్బాయి నాయినను మంచం మీద పండవెట్టి సుత్తితో మోకాలు కింద కొట్టిండు, కాలు ఎగిరి ఆయన చేతికే తాకింది. పాదాన్ని కింద నుంచి ఒక్కసారి పైకి నెట్టి పట్టుకుంటే పాదం దానంతట అదే టకటకటక కొట్టుకుంది, ఆగకుండ. తాళంచెవి మొనతో అరికాలు గీకితే బొటనవేలు కిందికి ముడుచుకోకుండ పైకి లేచింది. ఇంక గుండుసూది పట్టుకొని కాలు నుంచి పైకి గుచ్చుకుంట వచ్చిండు, తాతా ఏడ మంచిగ తెలుస్తుందో చెప్పు అని, బొడ్డు కాడికి వచ్చినంకనే నాయిన ఇగ ఇప్పుడు సురుక్కుమంటుంది అన్నడు. ఆ అబ్బాయి ఒకటే మాట అన్నడు, ఇది మోకాలు కాదు నడుం కాదు, వెన్నుపాము వీపు కాడ నలుగుతుంది, ఆలస్యం చెయ్యకుండ హైదరాబాద్ పోండ్రి అని. ఒక సుత్తి, ఒక తాళంచెవి, ఒక గుండుసూది, పది నిమిషాలు. ఆ డాక్టర్‌కు మేము జీవితాంతం రుణపడి ఉంటం.

హైదరాబాద్ ఓపీల లైన్ గురించి ఎక్కువ చెప్ప, సర్కారు దవఖాన లైన్ ఎట్లుంటదో అందరికీ తెల్సు. మాల్ ఊరి మీదుగ ఇబ్రహీంపట్నం దాటి సిటీలకు పోయేసరికి పొద్దెక్కుతది, అందుకే ముందు రోజే పోయి చుట్టాలింట్ల పండుకుంటే నయం. చీటీ తీసేకాడ, సెక్యూరిటీ కాడ మాట కరుకు. లోపలికి పోయినంక మాత్రం వేరే లోకం. జూనియర్ డాక్టర్ మళ్ల మొత్తం పరీక్ష చేసిండు, నల్లగొండ చీటీ చదివి కరెక్ట్‌గ రాసిండు అన్నడు. వెన్ను మొత్తం కనపడేటట్టు ఎమ్మారై, వీపు భాగానికి సీటీ, రెండూ రాసిన్రు. రెండెందుకు సార్ అంటే, ఎమ్మారైల నరం ఎంత నలిగిందో తెలుస్తది, సీటీల ఎముక ఎంత పెరిగిందో తెలుస్తది, ఒకటి చూసి ఇంకోటి చూడకుండ కత్తి పట్టొద్దు అన్నడు. ఇంకోటి గూడ రాసిన్రు, ముంజేతి ఎక్స్‌రే. కాళ్లు పోతుంటే చెయ్యి ఎక్స్‌రే ఎందుకని అమ్మ గొణిగింది. ఆ ఎక్స్‌రేల ముంజేతి రెండు ఎముకల మధ్యల ఉండే పొర గూడ ముళ్లు ముళ్లుగ ఎముక కట్టి ఉంది. అది ఫ్లోరోసిస్ గుర్తు, మీరు నల్లగొండ దిక్కా అని రేడియాలజీల కూసున్న మేడం ఊరు పేరు చూడకుండనే అడిగింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం చెప్తా. పెద్ద సర్జన్ సార్ మమ్మల్ని కూసోవెట్టి సీటీ స్క్రీన్ మీద చూపించుకుంట చెప్పిండు, కంగారు లేదు, గడియారం చూసుడు లేదు. డీ9 నుంచి డీ12 దాకా (వీపు పూసల నంబర్లు ఇవి) వెనక లిగమెంట్ ఎముకయింది, డీ10 కాడ వెన్నుపాము పీలికయింది, ఎమ్మారైల దాని లోపల తెల్ల మచ్చ ఉంది, ఆ మచ్చ అంటే నరం ఇప్పటికే కొంత దెబ్బతిన్నది అని అర్థం అన్నడు. ఈ ఎముకను కరిగించే మందు లేదు, సూది లేదు, కసరత్తు లేదు, మాలిష్ చేయించి బలంగ వంచితే పక్షవాతం తొందరగ వస్తది, ఎవలన్న కరిగిస్తమంటే నమ్మొద్దు అన్నడు. ఆపరేషన్ చేస్తే ఏమైతదో గూడ దాచలె. నడక మునుపటిలెక్క తెస్తనని మాటియ్యను, ఇంక పాడుగాకుండ ఆపుడు నా మొదటి పని, తిరిగి ఎంత వస్తదనేది నరం ఎంత మిగిలింది అనేదాని మీద ఉంటది అన్నడు. ఆపరేషన్ అయినంక కాళ్లు ఇప్పటికన్న బలహీనం కావొచ్చు, కొందరికి వారాలల్ల తిరిగొస్తది, కొందరికి రాదు, నరం చుట్టూ ఉండే నీళ్లు కారొచ్చు, చీము పట్టొచ్చు అని ఒక్కొక్కటి చెప్పిండు. అమ్మ ఏడ్చింది. నాయిన మాత్రం సార్, చెయ్యకుంటే ఏమైతది అన్నడు. మంచంల పడ్తవు పెద్దాయనా, ఎప్పుడనేది చెప్పలేను గని పడ్తవు అన్నడు సార్. అంత సాఫ్‌గ చెప్పినందుకే నాయిన సంతకం పెట్టిండు. ముందల చూపించిన ఒక ప్రైవేటు కాడ అయితే పదిహేను రోజులల్ల పరుగెత్తిస్తం అన్నరు, ఆ మాట విన్నప్పుడే నాకు నమ్మకం పోయింది.

ముంగట దిక్కు ఉన్న ఎముక సంగతి ఏందని నేను అడిగిన. దాన్ని తీయాలంటే నరం పక్క నుంచి గాని, ఛాతీ దిక్కు నుంచి గాని పోవాలె, నలిగిన నరాన్ని ఏ కొంచెం కదిలించినా ముప్పు, మీ నాయినకు వెనకది తీస్తే నరానికి జాగ దొరుకుతది, ముంగటిదాన్ని ఇప్పుడు ముట్టుకోను అన్నడు. కనపడ్డదంత కోసేస్తం అనకుండ ఏది వదలాలో తెలిసిన డాక్టర్ దొరికిండని నాకు అప్పుడే ధైర్యం వచ్చింది.

మత్తు డాక్టర్ల గురించి ఎవలూ రాయరు, నేను రాస్త. ఫ్లోరోసిస్ ఉన్నోళ్లకు మెడ వంగదు, దవడ సరిగ తెరుచుకోదు, పక్కటెముకలు బిగుసుకుపోయి ఛాతీ నిండ గాలి రాదు. మామూలుగ మత్తిచ్చి గొంతుల పైపు వేసేటప్పుడు మెడ వెనకకు వంచుతరు, నాయినకు అది కుదరదు. మత్తు మేడం ముందే వచ్చి నాయిన మెడ ఎంత తిరుగుతదో, నోరు ఎన్ని వేళ్ల సందు తెరుచుకుంటదో చూసింది, మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి పీల్చుడు నేర్పింది, ఆపరేషన్ దాకా రోజూ చేయించమన్నది. ఆపరేషన్ రోజు నాయిన మెలకువల ఉండంగనే ముక్కుల నుంచి సన్న కెమెరా పైపు పంపి దాని మీదుగ గొంతు పైపు వేసి, అప్పుడు మత్తిచ్చిన్రు. నాయిన దాన్ని ఇప్పటికీ చెప్తడు, కష్టమే గని మేడం చెయ్యి పట్టుకొనే ఉంది అని. మీ వాళ్లకు మెడ బిగుసుకుంటే మీరే ముందు మత్తు డాక్టర్‌కు చెప్పండ్రి, కెమెరా పైపు ఉందా అని అడగండ్రి, ఇది అడగాల్సిన మాటనే.

పైసలు. ఆరోగ్యశ్రీల అయింది. 2023 డిసెంబర్ నుంచి మన దగ్గర పది లక్షల దాకా చేసిన్రు గద, గందుల వచ్చింది. దవఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర కాడ ఆహార భద్రత కార్డు, ఆధార్, డాక్టర్ చీటీ, స్కాన్ రిపోర్టులు ఇస్తే అప్రూవల్‌కు పెట్టిన్రు, అది వచ్చేదాకా ఎదురుచూసుడే, దినాం పోయి కౌంటర్ కాడ నిలబడాలె. నెత్తురు కోసం మా తమ్ముడు, ఊరి పిలగాండ్లు వచ్చి ఇచ్చిన్రు. మా చేతుల నుంచి పోయింది తిండికి, రూముకు, బయట రాసిన కొన్ని మందులకు, వచ్చేటప్పుడు పండవెట్టుకొని తెచ్చిన బండికి. ఇదే ఆపరేషన్‌కు ప్రైవేటోళ్లు చెప్పిన లెక్క వింటే మాకున్న ఎకరం అమ్మాల్సి వచ్చేది.

ఆపరేషన్ పొద్దుగాల తీసుకపోతే చీకటి పడే ముంగట బయటికొచ్చింది. సర్జన్ సార్ టోపీ గూడ తియ్యకుండ బయటికొచ్చి అమ్మకు చెప్పిండు. తర్వాత నేను అడిగి తెలుసుకున్నది రాస్తున్న. బోర్ల పండవెట్టి ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టి పొట్ట వేలాడేటట్టు ఉంచుతరు, పొట్ట నొక్కుకుంటే వెన్నుల నెత్తురు కారుడు ఎక్కువైతదట. వీపు పూసలు చూడనీకి అన్నీ ఒకటే తీరుగ ఉంటయి గనక ఎక్స్‌రే మిషన్ పెట్టి కింద నుంచి లెక్కపెట్టి గుర్తు పెట్టుకున్నంకనే కోస్తరు. కాళ్లకు, నెత్తికి వైర్లు పెట్టి నరంల కరెంటు పోతుందా లేదా అని ఆపరేషన్ అయినంత సేపు ఒకరు స్క్రీన్ చూసుకుంటనే ఉంటరు, గీత పడిపోతే సర్జన్‌ను ఆపుతరు. ఎముకను కొరికే పనిముట్టు కింద దూర్చి తీసుడు ఇక్కడ పనికిరాదు, ఆ సందుల జాగనే లేదు, దూర్చితే ఆ పనిముట్టే నరాన్ని నొక్కుతది. అందుకే హైస్పీడ్ డ్రిల్‌తోటి పైనుంచి అరగదీస్తరు, నీళ్లు పోసుకుంట, రెండు పక్కల గాడి తీసి ఎముకను గుడ్డు పెంకంత పల్చన చేసి, అప్పుడు మెల్లగ పైకి లేపుతరు. ఫ్లోరైడ్ ఎముక మామూలు ఎముక కన్నా గట్టి, డ్రిల్ మొనలు అరిగి మార్చాల్సి వచ్చింది అని సార్ చెప్పిండు.

ఒక దగ్గర కష్టమైంది. వెన్నుపాము మీద డ్యూరా అనే పొర ఉంటది, డీ10 కాడ ఆ పొర గూడ ఎముక కట్టి లిగమెంట్‌కు అతుక్కపోయింది. సీటీల రైలు పట్టాల తీరు రెండు తెల్లగీతలు కనపడితే ఇట్ల ఉండొచ్చని ముందే అనుకుంటరట, మాకు ముందే చెప్పిన్రు గూడ. ఆ ముక్క తీసేటప్పుడు పొర చిరిగింది, లోపటి నీళ్లు వచ్చినయి. అక్కడ నాయిన ఒంట్లదే కొవ్వు ముక్క పెట్టి, గ్లూ వేసి, పైన కండ గట్టిగ కుట్టిన్రు. పూసల పక్క కీళ్లు గూడ కొంత తీయాల్సి వచ్చింది గనక వీపు వంగిపోకుండ స్క్రూలు, రాడ్లు వేసిన్రు. చిరిగింది అనే మాట డాక్టర్ నోటి నుంచి వినుడు మాకు భయమే అయింది, గని దాచకుండ అదే రోజు చెప్పిన్రు, ఏం జాగ్రత్త తీసుకోవాల్నో చెప్పిన్రు, ఆ పద్ధతికి దండం పెట్టాలె.

ఐసీయూల గంటకొకసారి సిస్టర్ వచ్చి తాతా వేళ్లు ఆడించు అనేది. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు గూడ. నిద్ర చెడగొడ్తున్నరని నాయినకు కోపం వచ్చింది గని లోపల నెత్తురు గడ్డకట్టి నరాన్ని నొక్కితే కాళ్లు ఉన్నట్టుండి పడిపోతయి, గంటలల్ల తెరిచి తీయాలె, అది పట్టుకునేది ఈ వేళ్లు ఆడించుడుతోనే. బీపీ గూడ కొంచెం ఎక్కువనే ఉంచిన్రు, బీపీ పడితే నలిగిన నరానికి నెత్తురు అందదట. మొదటి రెండు మూడు రోజులు ఎడమ కాలు ముందటి కన్నా నీరసపడ్డది, మా గుండెలు జారినయి. తర్వాత మెల్లగ తేరుకుంది. నీళ్లు కారకుండ వెల్లకిల పండుకొనే ఉండాలన్నరు, డ్రైన్ పైపుల నెత్తురు రంగు తగ్గి నీళ్లలెక్క వస్తుందా అని రోజూ చూసేటోళ్లు. దగ్గొద్దు, ముక్కొద్దు అని చెప్పి విరేచనం సాఫ్‌గ కావడానికి మందు ఇచ్చిన్రు.

ఇగ మార్కులు తగ్గిన కాడికి వస్త. వార్డుకు మార్చినంక లెక్క మారింది. ఒక్క సిస్టర్‌కు చాలా మంచాలు, ఆమె తప్పేం లేదు, పాపం పరుగెత్తుతనే ఉంటది. రెండు గంటలకొకసారి పక్కకు మళ్లించాలె, లేకుంటే నడుం కింద పుండ్లు పడ్తయి, స్పర్శ తెల్వని మనిషికి పుండు పడ్డది గూడ తెల్వదు. అది మొత్తం మా మీదనే వదిలేసిన్రు, ఎట్ల మళ్లించాల్నో గూడ చూపియ్యలె, పక్క మంచం కాడున్న నాగర్‌కర్నూల్ అన్న చూపిచ్చిండు. వెన్నుల స్క్రూలున్న మనిషిని మెలి తిప్పొద్దు, భుజం తుంటి ఒక్కసారే ఇద్దరు పట్టి దొర్లించాలె. గాలి పరుపు మేమే బయట కొన్నం. బాత్‌రూంలు చక్రాల కుర్చీ పోయేటట్టు లేవు, కాళ్లు రాని మనుషుల వార్డుల గడప ఎత్తు పెట్టిన్రు. అటెండెంట్లకు పండుకోనీకి జాగ లేదు, అమ్మ చలికి మంచం కింద పండుకుంది. ఫిజియో ఒకటి రెండు సార్లు వచ్చి కాలు లేపి దించి పోయిండు. ఇంత పెద్ద ఆపరేషన్ ఇంత మంచిగ చేసి, మనిషిని మళ్ల నిలబెట్టే పనిని ఇట్ల వదిలేసుడు నాకు అస్సలు మింగుడుపడలె. ఒంటేలు పైప్ తీసినంక ఒంటేలు రాకుంటే టైముకు సన్న గొట్టం వేసుకొని తీసుడు ఒక సీనియర్ సిస్టర్ నేర్పింది, అది ఆమె సొంతంగ చేసిన సాయం, రాసిచ్చిన దాంట్ల లేదు. డిశ్చార్జ్ కాగితం మొత్తం ఇంగ్లీషు, ఎప్పుడు భయపడాల్నో తెలుగుల ఒక్క ముక్క లేదు. అందుకే నేను రాస్తున్న: కుట్టు కాడ నీళ్లు ఊరితే, కూసుంటే తలనొప్పి పండుకుంటే తగ్గితే, జ్వరం వస్తే, కాళ్లు ఉన్నట్టుండి బరువైతే, ఒంటేలు బంద్ అయితే, ఒక పిక్క వాచి నొప్పి పెడితే, ఆ రాత్రే పోవాలె, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంటికొచ్చినంక ఫిజియో మేమే పెట్టించుకున్నం. వాకిట్ల రెండు దిక్కుల నడుమెత్తుల వెదురు బొంగులు కట్టినం, మధ్యల నాయిన పట్టుకొని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ముందు నిలబడుడే, తర్వాత బరువు ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి, తర్వాత అడుగు. స్పర్శ తక్కువ గనక కింద చూసుకుంట నడవాలె. ఇప్పుడు కర్ర పట్టుకొని కిరాణా కొట్టు దాకా పోతడు, పొలం ఒడ్డు ఎక్కడు, చీకట్ల బయటికి పోనియ్యం. కడుపు చుట్టూ బిగింపు పూర్తిగ పోయింది. తిమ్మిరి బొడ్డు నుంచి దిగి మోకాళ్ల కిందికి వచ్చింది. ఒంటేలు గొట్టం అక్కర లేకుండ వస్తుంది, ఇదే నాయినకు అన్నిటికన్నా పెద్ద సంతోషం, మనిషికి మానం తిరిగొచ్చినట్టయింది అంటడు. కాళ్ల బిగుసు మాత్రం ఉంది, దానికి బాక్లోఫెన్ వాడుతున్నం, డోసు పెంచితే నిద్ర మత్తు, తగ్గిస్తే కాళ్లు బిర్రు, సొంతంగ ఒక్కసారే బంద్ పెట్టొద్దన్నరు. సర్జన్ సార్ ఆ రోజు కూసోవెట్టి ఎంత చెప్పిండో అంతే అయింది.

అదే వార్డుల పాలమూరు దిక్కు ఒక అక్క ఉండె, రెండేండ్లు మంచంల ఉన్నంక వచ్చింది. ఆపరేషన్ ఆమెకూ సాఫ్‌గనే అయింది, అదే చెయ్యి, అదే డ్రిల్, గని కాళ్లు కదల్లె. నాయిన కర్ర పట్టుకొనైనా నడుస్తుండంటే అప్పటికి ఇంకా అడుగులు వేస్తుండె గనక. అందుకే చెప్పేది, కాళ్లు బిగుసుకుంట, చెప్పు జారుతున్నది తెల్వకుంట, కడుపు చుట్టూ పట్టేసినట్టు ఉందని మీ ఇంట్ల పెద్దోళ్లు అంటే నడుం ఎమ్మారై ఒక్కటే తీసి పంపుతమంటే ఒప్పుకోకండ్రి, వెన్ను మొత్తం తీయమనండ్రి.

మళ్ల రాకుండ ఉంటదా అని అడుగుతున్నరు. తీసిన కాడ ఇబ్బంది లేదు గని వేరే పూసల కాడ పెరగొచ్చు, నాయినకు మెడల గూడ కొంచెం ఉందన్నరు, అందుకే ఏడాదికొకసారి పోయి చూపించుకోవాలె, చేతుల తిమ్మిరి మొదలైతే ముందే పోవాలె. వంటకు గూడ బోరు నీళ్లు బంద్ పెట్టినం, నల్లా నీళ్లే. డికాషన్ చాయ, నల్ల ఉప్పు తగ్గించమన్నరు, వాటిల్ల గూడ ఫ్లోరైడ్ ఎక్కువ. పాలు, ఆకుకూరలు, నిమ్మ, ఉసిరి తినమన్నరు, తిన్నంత మాత్రాన కట్టిన ఎముక కరగదు అని గూడ అన్నరు. పాత స్కాన్ల సీడీలు, ఫిలింలు పారెయ్యకండ్రి, కొత్తది పాతదాని పక్కన పెట్టి చూస్తేనే పెరిగిందా లేదా తెలుస్తది, మేము అన్నీ ఒక ఇనుప పెట్టెల పెట్టినం.

ఇంత ఫ్లోరైడ్ ఉన్న జిల్లాల ఈ ఆపరేషన్ అయి వచ్చినోళ్లకు ఫిజియో సెంటర్ ఒకటి కావాలె. నల్లగొండ మెడికల్ కాలేజీ దవఖానల వారానికి ఒక్క రోజన్న ఇసొంటోళ్లకు అని పెట్టి, ఒక ఫిజియో, ఒంటేలు గొట్టం నేర్పే ఒక సిస్టర్, పట్టుకొని నడవనీకి రెండు ఇనుప రాడ్లు పెడితే చాలు, నడవలేని మనిషిని బండి మీద వేసుకొని హైదరాబాద్ దాకా తిప్పే తిప్పలు తప్పుతయి. మా మండలంల ఆపరేషన్ అయినోళ్ల పేర్లు రాసుకుంటున్నం, కలెక్టరాఫీసుల ప్రజావాణిల అర్జీ పెట్టనీకి, మీ ఊర్ల ఎవలన్న ఉంటే కింద ఊరి పేరు రాయండ్రి.